కుంచెడు కృతజ్ఞత

మా నాన్నకు దండం పెట్టే జబ్బు ఉండేది. జబ్బనే అంటాను, ఇంకో మాట నాకు దొరకలేదు. బస్సు ఆపినందుకు డ్రైవరుకు దండం. ఆపకుండా దుమ్ము కొట్టి పోయిన డ్రైవరు మర్నాడు ఎదురుపడితే, నిన్న చెయ్యి ఊపాడు కదా అని అతనికీ దండం. ఉత్తరం తెచ్చినవాడికి దండం, ఉత్తరాలేమీ లేవని చెప్పినవాడికీ దండం. పాలు పోసే మనిషి చెంబులో సగం వాగు నీళ్ళే కలిపి తెస్తోందని అమ్మ సణిగితే, "పోనీలేవే, చోటిచ్చారు" అనేవాడు.

చోటిచ్చారు! ఆ ఒక్క మాట విని విని నా చెవులు తూట్లు పడ్డాయి. దుకాణంలో పుచ్చిన పప్పు అంటగట్టినా చోటిచ్చారు. బడిలో పిల్లలు నా జడ పట్టుకుని "బర్మ పోరి, బర్మ పోరి" అని ఊగులాడినా చోటిచ్చారు. ఒకసారి వీధి కుక్క నాన్న పంచె పట్టుకుని పిక్కదాకా వచ్చి వదిలేసింది. "చూశావా, కరవలేదు" అన్నాడు. దానికి దండం పెట్టలేదు కానీ, పెట్టే మొహమే అది.

నిజానికి ఈ దేశం మాకు కొత్తగా చోటివ్వడమేమిటని నా వాదన. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి రంగూన్ వెళ్ళాడు, బియ్యం మిల్లులో పనికి. నాన్న అక్కడే పుట్టాడు, అక్కడే ఆ మిల్లు ఇంజన్ల మధ్యే పెరిగాడు. ఇండియాను బొమ్మలో తప్ప చూసి ఎరగడు. అలాంటి మనిషిని ఒకరోజు, మీ దేశానికి మీరు పొండి, ఇన్నాళ్ళూ మా తిండి తిన్నది చాలు అన్నారు. రేవులో అమ్మ గాజులు కూడా తీయించుకుని ఓడెక్కించారు. ఇక్కడ దిగితే కాగితాల్లో మమ్మల్ని "తిరిగి వచ్చినవారు" అని రాసుకున్నారు. అసలు పోనివాడు తిరిగి ఎట్లా వస్తాడు నాన్నా అని అడిగాను. "అలా అనకూడదమ్మా. తిరిగొచ్చారన్నారంటే మనల్ని తమవాళ్ళ కింద లెక్క వేసుకున్నట్టే కదా" అన్నాడు. ఏం చెప్పమంటారు ఇలాంటి మనిషికి? గోడకు చెప్పుకుంటే గోడైనా పెచ్చు రాలుస్తుంది.

సముద్రం ఒడ్డున క్యాంపులో గుడారాల్లో ఉన్నాం. అక్కడ బియ్యానికి వరసలో నిలబెట్టి, ఇనుప కుంచంతో కొలిచి, పైన అరచేత్తో చదును చేసి పోసేవారు. నాన్నకు అది ఎంత నచ్చిందో! "పెద్దా లేదు చిన్నా లేదు, అందరికీ ఒకే కొలత. అదీ మర్యాదంటే" అని ఇప్పటికీ వినిపిస్తున్నట్టే ఉంది. అమ్మకు మాత్రం క్యాంపంటే ఒక్కటే గుర్తు. ఆ వానాకాలం గుడారం కారి కారి, పక్కలు తడిసి, నెలలు నిండని మా తమ్ముడు దగ్గుతూ దగ్గుతూ పోయాడు. ఆ తరవాత అమ్మ ఆ సంగతి ఎత్తలేదు. ఎక్కడైనా టప్పుమని చుక్క పడిన చప్పుడైతే మాత్రం, చేస్తున్న పని వదిలేసి తల పైకెత్తి చూసేది.

మంచిర్యాల వైపు ఒక రైస్ మిల్లు సేటుకు ఇంజను తెలిసిన మనిషి కావాలని క్యాంపుకు కబురొచ్చింది. నాన్న దండాలు పెట్టుకుంటూ ఆ రైలెక్కాడు, వెనక మేమూ ఎక్కాం. నస్పూర్ దగ్గర ఒక పల్లెలో సేటు మాకో ఇల్లు చూపించాడు. ఊళ్ళో సగం మంది మగవాళ్ళు బొగ్గుబాయికి పోయేవాళ్ళు, సగం మంది వ్యవసాయం. ఇల్లు మట్టిగోడలది, పైన గూన పెంకులు. సామానంటూ ఏముంది గనక సర్దుకోవడానికి, కూర్చుని గోడలు చూస్తున్నాం. అంతలో పక్కింటామె గోడ మీదుగా తల పెట్టింది.

"ఏ ఊరుల్లా మీది?"

"రంగూనండి" అంది అమ్మ.

"గదేడుంది? లచ్చెట్టిపేట అవుతల్నా?"

అమ్మకు ఏం చెప్పాలో తోచక, అవునండి, ఇంకా అవతల అంది. ఆమె లోపలికి పోయి జొన్నరొట్టెలు, ఓ గిన్నెడు పచ్చిపులుసు తెచ్చింది. నాన్న లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు. "మీ మేలు ఈ జన్మలో మరిచిపోలేం తల్లీ" అన్నాడు.

ఆమె వెనక్కి తిరిగి చూసుకుంది, తన వెనక ఎవరైనా ముసలమ్మ ఉందేమోనని. "తల్లంటడేందే గీయన నన్ను? నా కొడుకులకింకా మీసాలే రాలే!" అని పకపకా నవ్వింది. తరవాత అక్కడికక్కడే అమ్మతో వరస కలిపేసింది. "నా మొగనికి నీ మొగడు తమ్ముని లెక్క. నేను నీకు అక్కను. గీ పోరికి పెద్దవ్వను. అయిపాయె, ఇగ తిను." అలా ఒక్క గుక్కలో నాకో పెద్దవ్వ, అంటే పెద్దమ్మ, ఓ పెద్దబాపు దొరికారు. ఓడ దిగిన తరవాత మాకు ఊరికే దొరికినవి అవే.

మా నాన్న ఏం చేశాడు? మేం తిని చేతులు కడుక్కునేలోపు ఆ గిన్నె తోమించాడు. ఉన్న కాస్త చక్కెరా అందులో పోసి, పట్టుకెళ్ళి వాళ్ళ గుమ్మంలో నిలబడి మళ్ళీ దండం పెట్టాడు. "గిన్నె గింత జల్ది తేవాల్నా? మేమేడికన్న పారిపోతున్నమా?" అని పెద్దవ్వ గొంతు మా ఇంట్లోకి వినిపించింది. ఆ రోజే ఆయన్ను కూర్చోబెట్టి చెప్పవలసింది. చెప్పినా వినేవాడు కాదనుకోండి.

ఆ ఎండాకాలం చివర, రోహిణి కార్తె మాడుస్తుండగా, ఒక పొద్దున పెద్దబాపు భుజాన నిచ్చెన వేసుకుని వచ్చాడు. వెనక ఇంకొందరు వాడకట్టు మగవాళ్ళు, ఆడవాళ్ళు, బుట్టలు.

"తమ్మీ, మిర్గం దగ్గరికొచ్చె. ఇల్లు గప్పుకోవా?"

నాన్నకు అర్థం కాలేదు. కప్పు ఉంది కదా అన్నట్టు పైకి చూశాడు. ఆ వైపు పద్ధతి ఏమిటంటే, ఏటా మృగశిర ముందు గూన అంతా దింపి, చెత్త ఊడ్చి, పగిలినవి తీసేసి, వాసాల మీద తడకలు సరిచేసి, మళ్ళీ కప్పుతారు. లేకపోతే మొదటి వానకే ఇల్లు జల్లెడ. ఇది ఒక్క ఇంటి మనుషులతో అయ్యే పని కాదు. అందుకని ఒకరింటికి అందరూ పోతారు, మర్నాడు ఆ ఇంటివాళ్ళు ఇంకొకరింటికి పోతారు. ఎవరూ ఎవరినీ పిలవరు. ఆ రోజు ఆ ఇంట్లో కడుపునిండా తింటారు, మగవాళ్ళు కల్లు తాగుతారు, అంతే.

ఆ రోజు ఎంత బాగుందో చెప్పలేను. పెద్దబాపు ఇంటి నడికొప్పు మీద గుర్రమెక్కినట్టు కూర్చున్నాడు. కింద వరుసగా నిలబడ్డ మేం చేతుల మీదుగా గూన దింపి, మళ్ళీ చేతుల మీదుగా ఎక్కించాం. తేలు కనపడ్డప్పుడల్లా కేకలు, నవ్వులు. పెద్దవ్వ మా వంటింట్లో దూరి అమ్మ మసాలా రుచి చూసి, "గిదేం కారమే, మా కోడిపిల్ల గూడ తింటది" అని ఇంకో గుప్పెడు కారం కుమ్మరించింది. అమ్మ నవ్వింది. క్యాంపు తరవాత ఆమె నవ్వగా నేను చూడటం అదే మొదలు. సాయంత్రానికి ఇల్లు కొత్తదానిలా ఉంది. అందరూ తిని, చేతులు కడుక్కుని, చుట్టలు వెలిగించారు.

అప్పుడు మా నాన్న లోపల్నించి జొన్నల బస్తా ఈడ్చుకొచ్చాడు. రెండో చేతిలో ఇనుప కుంచం. జీతం రాగానే అంగడిలో కొన్న మొదటి వస్తువు అదే, మహానుభావుడు. చాప పరిచి, "అందరూ వరసగా నిలబడండి బాబూ" అన్నాడు.

పాపం, నిలబడ్డారు. బర్మావాళ్ళ పూజేదో ఉందనుకున్నారట, తరవాత తెలిసింది. పెద్దబాపును ముందుకు పిలిచి, ఆయన తువ్వాల పట్టించి, కుంచంతో జొన్నలు ముంచి, పైన అరచేత్తో చక్కగా చదును చేసి, ఒక్క గింజ ఎక్కువా కాకుండా ఒక్క గింజ తక్కువా కాకుండా పోశాడు.

"గిదేంది తమ్మీ?"

"మీ కష్టం ఉంచుకోకూడదు కదండీ."

ఆ ఊళ్ళో కుంచంతో కొలిచి గింజలు ఎవరికి పోస్తారు? కైకిలి వాళ్ళకి. అంటే కూలికి వచ్చినవాళ్ళకి. చేను కోసినా, కలుపు తీసినా పొద్దు వాలాక రైతు వాళ్ళను నిలబెట్టి కొలిచి పోస్తాడు. చుట్టానికి పెట్టాలనుకుంటే చేటతోనో దోసిలితోనో ఒళ్ళో పోస్తారు గానీ కొలవరు. ఇవన్నీ నాకు తరవాత తెలిశాయి. కానీ ఏదో జరిగిందని మాత్రం అప్పుడే తెలిసింది, ఎందుకంటే చుట్టలు కాల్చేవాళ్ళు కాల్చడం ఆపేశారు.

పెద్దబాపు తువ్వాలలో గింజలు చాప మీద పోసేసి, తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. "గింజలు లోపట వెట్టుకో" అన్నాడు. తమ్మీ అనలేదు. నిచ్చెన ఎత్తుకుని వెళ్ళిపోయాడు. వరసలో మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే జారుకున్నారు. పెద్దవ్వ మాత్రం ఆగింది. ఆమె ఆగకుండా ఉంటుందా!

"కైకిలికొచ్చినమా మేము? గట్లైతే పొద్దుగాల్నే జెప్పకపోయినవు? మీ పొయ్యి కాడ గింత సేపు నా ఇల్లనుకుంట పొర్లకపోదును గద!"

అంతటితో ఊరుకున్నా పోయేది. మర్నాడు తెల్లారగానే నాన్న ఆ జొన్నలన్నీ సంచుల్లో కట్టుకుని ఇంటింటికీ తిరిగి అరుగుల మీద పెట్టి, దండం పెట్టి వచ్చాడు. "మొహమాటపడ్డారే. గొప్పవాళ్ళు" అని సంబరంగా చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నీళ్ళ కాడ అమ్మలక్కలు అప్పటికే నన్ను పట్టుకుని, "మీ నాయిన మమ్ముల కైకిలోళ్ళను జేసిండట గద" అని దులిపి పంపారు. ఆ మాట చెబితే నాన్న తల అడ్డంగా ఊపాడు.

"ఊరికే చేయించుకుంటే, రేపు ఊరి మీద పడి తింటున్నారనరూ? రంగూన్లో ఒకసారి ఆ మాట పడ్డాం కదమ్మా. ఇక్కడ పడకూడదు."

ఆ ముక్క విన్నా కోపం మాత్రం పోలేదు. మనిషి భయపడితే జాలి వేస్తుంది, నిజమే. కానీ ఆ భయాన్ని కుంచంతో కొలిచి ఊరందరికీ పంచిపెడితే జాలి ఎక్కడ పడాలి?

ఆ వారంలోనే పెద్దబాపు ఇల్లు కప్పారు. నాన్న పిలవకుండానే పోయాడు, పొద్దుగూకేదాకా గూన మోశాడు. తిరిగి వస్తుంటే చూద్దును కదా, భుజాన కండువాలో మూట! వాళ్ళు ఆయనకు కైకిలి కొలిచి పోశారు. వాడకట్టు అందరి ముందూ, ఆయన ఒక్కడికే! అది చెంపదెబ్బని పసిపిల్లవాడికి కూడా తెలుస్తుంది. మా నాన్న రెండు చేతులా పట్టుకుని, కళ్ళకద్దుకుని తెచ్చుకున్నాడు. "చూశారా, నాకూ ఇచ్చారు. మనల్నీ సమానంగా చూశారు" అన్నాడు. అమ్మ తల గోడకానించుకుంది.

ఆ తరవాత ఏడాదంతా మాకు జరిగినంత మర్యాద ఆ ఊళ్ళో ఎవరికీ జరగలేదు. నాన్న "మిల్లు సారు" అయ్యాడు. అమ్మ ఏదైనా గిన్నెలో పంపితే, పెద్దవ్వ అది వెంటనే తోమి, ఏదో ఒకటి నింపి, కొడుకు చేత తిప్పి పంపేది. గోడ మీద ఆమె తల కనపడటం మానేసింది. బతుకమ్మ పండక్కి అమ్మను పిలిచారు, పిలవకేం. పిలిచి పీట వేసి కూర్చోబెట్టారు! చుట్టూ ఆడవాళ్ళంతా చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే, అమ్మ పీట మీద దిష్టిబొమ్మలా కూర్చుని చూసి ఇంటికొచ్చింది. "ఎంత గౌరవం చేశారే నీకు!" అన్నాడు నాన్న. అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు.

ఆ చలికాలానికి అమ్మ మళ్ళీ కడుపుతో ఉంది. పురిటికి పోవడానికి ఎవరికైనా తల్లిగారిల్లంటూ ఉంటుంది. అమ్మ తల్లిగారిల్లు సముద్రానికి అవతల ఎవరి చేతిలోకి పోయిందో కూడా తెలియదు. ఆమె ఏమీ అడగలేదు, చీర అడగలేదు, పండడగలేదు. ఎండలు ముదిరాక ఒక్క మాట అంది. "ఈ బిడ్డ మీద చుక్క పడకూడదు. ఎట్లా చేస్తారో మీ ఇష్టం."

పైన చూస్తే కప్పు కోతుల పాలై ఉంది. ఆ ఏడు అడవిలో తిండి లేక గుంపులు గుంపులుగా ఊరి మీద పడి, గూన మీద ఎగిరి దూకి ముక్కలు ముక్కలు చేశాయి. లోపల కూర్చుంటే నేల మీద పైసల్లాంటి ఎండ మచ్చలు. రోహిణి వచ్చింది. ఊళ్ళో అందరి ఇళ్ళూ కప్పుతున్నారు, ఆ నవ్వులు, ఆ కేకలు మాకు వినిపిస్తూనే ఉన్నాయి. మా ఇంటికి మాత్రం ఎవరూ నిచ్చెన తేలేదు.

నాన్న ఇంటింటికీ పోయాడు, నన్ను వెంటబెట్టుకుని. ఏమని అడిగాడు? "దయచేసి రండి, కైకిలి ఎంతంటే అంత కొలుస్తాను" అని! నేను వెనక నుంచి చొక్కా గుంజుతూనే ఉన్నాను. పెద్దబాపు మంచం మీద నుంచి లేచి మర్యాదగా నిలబడ్డాడు. "కైకిలోళ్ళు ఊర్ల మస్తుమంది ఉన్నరు గద సారూ. జర చూస్కోండ్రి" అన్నాడు. పెద్దవ్వ లోపల్నించి తొంగి చూసింది గానీ బయటికి రాలేదు. కైకిలి వాళ్ళేమో వాన ముందు చేలల్లో గట్లు వేసుకుంటూ ఒక్కరూ ఖాళీగా లేరు.

"ఫరవాలేదు, నేనే కప్పుతాను" అన్నాడు నాన్న. ఆయనకు ఇంజను తెలుసు. ఇంజను బాగు చెయ్యాలంటే ముందు అంతా విప్పేసి, తుడిచి, వరసగా పరిచి, మళ్ళీ బిగిస్తారు. ఇంటికీ అదే చేశాడు. ఊరివాళ్ళు పట్టీ పట్టీగా దింపి, పట్టీ పట్టీగా కప్పుకుంటూ పోతారు. మా నాన్న రెండు రోజులు మిల్లు మానేసి, ఒక పక్క కప్పు మొత్తం దింపి పెరట్లో బారులు తీర్చాడు. ఎంత అందంగా పేర్చాడనీ! పైన వాసాలు, వాసాల మధ్య ఆకాశం. ఆ పక్కనే అమ్మ పడుకునే గది.

మూడో రోజు మధ్యాహ్నం గోదావరి వైపు నుంచి మబ్బు లేచింది. గాలి ఆగిపోయింది. నేను కింద నుంచి గూన అందిస్తున్నాను, నాన్న పైన వంకరటింకరగా పేరుస్తున్నాడు, అవి జారి కింద పడి పగులుతున్నాయి. అప్పుడు అమ్మ నడుం పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. మొహం చూడగానే నాకు తెలిసిపోయింది. ఇంకా రోజులున్నాయనుకున్నాం. నొప్పులకు ఏం తెలుసు రోజులు!

"నాన్నా, అమ్మకు!" అని అరిచాను. ఆయన అమ్మను చూశాడు, మబ్బును చూశాడు. చూసి, వాసం మీద కూర్చునే రెండు చేతులూ జోడించి ఆ మబ్బుకు దండం పెట్టాడు. అబద్ధం కాదు, నా కళ్ళతో చూశాను. ఆ క్షణంలో నిచ్చెన లాగేసి ఆ మనిషిని అక్కడే వదిలేద్దామనిపించింది.

అమ్మ గోడ పట్టుకుని పట్టుకుని పక్కింటి వైపు నడిచింది. నా పుట్టుకలో అమ్మ గొంతు పెంచగా వినలేదు. ఆ రోజు విన్నాను, ఊరంతా విన్నది.

"అక్కా! ఓ అక్కా! చెవుల్లో సీసం పోసుకున్నావా? నేనిక్కడ చస్తుంటే నువ్వక్కడ పప్పు చెరుగుతున్నావా? నీ మొగుడికి నిచ్చెన దేనికి, కోళ్ళెక్కడానికా? ఒకణ్ణి వానకిచ్చి వచ్చాను. ఇంకొకర్ని ఇవ్వను! వస్తావా రావా?"

ఒక్క దయ లేదు, దండం లేదు, మేలు మరిచిపోలేననడం లేదు. గోడ అవతల చేట నేల మీద పడిన చప్పుడైంది.

"గిప్పుడా యాదికొచ్చింది అక్క?" అని పెద్దవ్వ అంతకన్నా గట్టిగా అరుస్తూ వచ్చింది. "ఏడాది సంది నోట్ల ఏం వెట్టుకున్నవే? గీ మాట అప్పుడే తిట్టకపోయినవు?" ఆమె గోడ చుట్టూ తిరిగి రాలేదు, చీర ఎగ్గట్టి గోడ దూకింది. దూకుతూనే వెనక్కి తిరిగి మొగుడి మీద పడింది. "చుట్ట పారెయ్యి! చెల్లె నొప్పులు వడుతుంటే సూస్తవేంది? ఎక్కు ఇంటి మీదికి! అందర్నీ పిలువు!"

తరవాతంతా నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తు. నిచ్చెనలు వచ్చాయి. నాన్న పేర్చినదంతా చూసి పెద్దబాపు, "ఎవడన్న ఒక్కపాలే గింత దింపుతడా? గిది ఇల్లనుకున్నవా ఇంజననుకున్నవా?" అని కసిరాడు. "ఆమె పన్న దిక్కు ముందు కప్పుండ్రి! మిగిలింది తడిస్తె తడవని!" చేతుల మీదుగా గూన పరుగులు తీసింది. చినుకులు మొదలయ్యేసరికి అమ్మ పడుకున్న గది మీదికి కప్పు వచ్చింది. మిగతా సగం మీద పట్టాలు, గోనెలు, ఎవరింట్లో ఏది దొరికితే అది పరిచి, పైన మగవాళ్ళు మూలలు పట్టుకుని తడుస్తూ కూర్చున్నారు. వాన దంచి కొట్టింది. లోపల పెద్దవ్వ గొంతు, అమ్మ గొంతు, ఒకరినొకరు తిట్టుకుంటూనే ఉన్నారు. ఆ రెండు గొంతుల మధ్య నుంచి మూడో గొంతు లేచింది.

చెల్లెలు. అమ్మ ముందు కప్పు వైపు చూసింది, ఆ తరవాతే బిడ్డను చూసింది.

తడి గాలికి బిడ్డ వణుకుతోందని పెద్దవ్వ అటూ ఇటూ వెతికింది. జొన్నల గుమ్మి పక్కన ఇనుప కుంచం ఆమె చేతికి దొరికింది. ఎవర్నీ అడగలేదు. కొంగు కప్పుకుని వానలో వాళ్ళింటికి పరిగెత్తి, పొయ్యిలో నిప్పులు ఆ కుంచంలో పోసి తెచ్చి, బిడ్డకు కాస్త దూరంలో పెట్టింది. నాన్న అప్పుడే పైనుంచి దిగి, నీళ్ళు కారుతూ గుమ్మంలో నిలబడ్డాడు. చెల్లెల్ని చూశాడు. బయట తడిసి ముద్దయిన వాడకట్టునంతా చూశాడు. రెండు చేతులూ పైకి లేవబోయాయి.

"మల్ల మొదలువెట్టకు మరిదీ!" అంది పెద్దవ్వ. "చేతులు ఖాళీగుంటే గా కట్టెలు గొట్టు. నీళ్ళు గాగాలె."

నాన్న చేతులు దించి గొడ్డలి అందుకున్నాడు. ఆ రోజు ఎవరికీ ఏమీ కొలవలేదు. కొలవడానికి కుంచం నిండా నిప్పులే ఉన్నాయి.

మిర్గం వెళ్ళింది. పెద్దవ్వ పూటకోసారి వచ్చేది. బిడ్డకు నీళ్ళు పోసి, పొగ వేసి, అమ్మను నాలుగు తిట్టి, కుంచం ఊపుకుంటూ పోయేది. మళ్ళీ వచ్చేటప్పుడు నిప్పులతో తెచ్చేది. తరవాత్తరవాత నిప్పుల అవసరం తీరింది. ఆమె రావడం తీరలేదు, కుంచం మాత్రం రాలేదు.

ఒక సాయంత్రం నాన్న జొన్నలు పిండి గిర్నీకి పంపడానికి కుంచం కోసం ఇల్లంతా వెతికాడు.

"కుంచమేదే?"

"అక్క తీసుకుపోయింది" అంది అమ్మ, చెల్లికి పాలిస్తూ.

"అడిగిందా?"

"లేదు."

"ఎప్పుడిస్తానంది?"

"ఏమీ అనలేదు."

నాన్న గుమ్మంలోకి వెళ్ళి గోడ మీదుగా చూశాడు. పెద్దవ్వ పెరట్లో మా కుంచంతో కోళ్ళకు నీళ్ళు పెడుతోంది. నిప్పులకు మాడి నల్లగా అయిపోయింది, ఒక పక్క అంచు వంగిపోయింది. ఇక ఆ కుంచంతో ఈ జన్మలో ఎవరికీ సరిగ్గా కొలవలేం. నాన్న అక్కడే నిలబడి చూస్తున్నాడు. ఇప్పుడంటాడు చోటిచ్చారని, ఇప్పుడంటాడు, అని నేను పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను.

విసవిసా లోపలికి వచ్చాడు.

"ఇదేం ఊరే బాబూ! అడగరు, చెప్పరు, చేతికందింది పట్టుకుపోతారు! నిక్షేపంలాంటి కుంచం, కోళ్ళకు నీళ్ళు పెట్టుకుంటోంది! ఇదేమన్నా తన సొంతిల్లనుకుందా?"

ఓడ దిగాక ఈ దేశం మీద మా నాన్న నోటి వెంట వచ్చిన మొదటి ఫిర్యాదు అది. అమ్మ చెల్లిని ఒళ్ళో అదిమి పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ ఆమె కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"ఇంకోసారి తిట్టండి" అంది.